మైకు వినని పదకొండు పాఠాలు

ముప్పై నాలుగేళ్ళు బళ్ళో తెలుగు చెప్పాను. ఒక్కరోజు కూడా మైకు పట్టుకోలేదు. ఆగస్టు పదిహేను నాడు మైకు మొరాయిస్తే హెడ్మాస్టరు నన్నే ముందుకు తోసేవాడు. నేను మొదలుపెడితే గేటు బయట సైకిలు మీద పోయేవాడు కూడా దిగి, లోపల ఏమైందోనని తొంగిచూసేవాడు. ఈ గొంతు మా బాపు నుంచి వచ్చింది. ఆయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడించే చోట పనిచేశాడు. ఆ మోతలో పక్కవాడికి మాట వినబడాలంటే అరవాల్సిందే. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కూడా అదే గొంతుతో మంచినీళ్ళు అడిగేవాడు. మా ఇంట్లో గుసగుస అనేదే నేను ఎరగను.

అలాంటి నా మాట ఒక కంప్యూటరుకు వినబడకుండా పోయిన ముచ్చట ఇది.

రిటైరైన మరుసటి ఏడు, ఒక సాయంత్రం నిజామాబాద్ నుంచి బోధన్ బస్సులో వస్తున్నాను. పక్క సీటు పెద్దాయన కళ్ళద్దాలు ఇంట్లో మరచిపోయి వచ్చాడు. పేపరు నా చేతిలో పెట్టి, మార్కెట్‌లో పసుపు ఎట్లుందో చదవమన్నాడు. చదివాను. అది అయ్యాక వాన సంగతి చదవమన్నాడు, అదీ చదివాను. జానకంపేట వచ్చేసరికి మొత్తం బస్సు వింటోందని నాకు అర్థమైంది. కండక్టరు కూడా టికెట్ కొట్టడం ఆపి నిలబడ్డాడు. ఎడపల్లి దాటాక ముందు సీటులోని ఒకామె వెనక్కి తిరిగింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఒళ్ళో మడిచిన తెల్ల కర్ర. ఆమె ముఖం నా వైపు కాక కిటికీ వైపు ఉంది, మాట మాత్రం సూటిగా నాకే తగిలింది.

"సార్, మీరు టీచరా?"

అవునన్నాను. బోధన్ వచ్చేలోపు తన సంగతంతా చెప్పేసింది. పుట్టుక నుంచీ చూపు లేదు. ఊరు రెంజల్. తల్లీ తనూ ఉంటారు. నిజామాబాద్‌లో ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తే పని చేస్తూ, టీచరు ఉద్యోగం పరీక్షకు చదువుతోంది. ఇంగ్లీషు పుస్తకాలైతే కంప్యూటరే చదివి వినిపిస్తుందట. తెలుగు పుస్తకాలతోనే తంటా. తల్లికి చదువు రాదు. పక్కింటి పిల్లలు రెండు పేజీలు చదివి పని ఉందని లేచిపోతారు.

"మీ గొంతుతోని నాలుగు పుస్తకాలు రికార్డు చేసి పంపిస్తరా సార్?" అని అడిగింది.

నిజం చెప్పాలంటే ఆమె అవసరం కన్నా, ఆమె నా గొంతును మెచ్చిందన్న మాటే నన్ను ముందు పట్టుకుంది. బస్సు దిగకముందే ఒప్పుకున్నాను.

మొదట సెల్ ఫోన్‌లో చదివాను. పాఠం మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు, రికార్డు తెగేది. అందుకని మా అమ్మాయి కాలేజీలో వాడి ఇంట్లో వదిలేసిన ల్యాప్‌టాప్ దుమ్ము దులిపి తీశాను. నిజామాబాద్ వెళ్ళి, చిన్న స్టాండు మీద నిలబడే మైకు ఒకటి కొనుక్కొచ్చాను. దుకాణం అతను దాని గుణగణాలన్నీ వివరించాడు. నేను తల ఊపుతూ, బయట పార్కింగ్‌లో పెట్టిన బండి గురించి ఆలోచించాను. దాని ఫలితం తర్వాత అనుభవించాను.

మా ఇంటావిడ ఆ మైకుకు గులాబీ రంగు జాకెట్టు గుడ్డతో ఒక టోపీ కుట్టింది. దుమ్ము పడకూడదట, నా ఊపిరి కూడా దానికి తగలకూడదట. గుడ్డ తొడిగిన మైకు ముందు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మాట్లాడితే తెర మీద ఒక గీత అలలాగా లేస్తుంది, ఆపితే పడుకుంటుంది. ఆ అల ఎంత ఎత్తు లేస్తే నాకు అంత సంతోషం. నెల రోజులు హాయిగా సాగింది. రోజుకొక పాఠం, వారానికి ఒకసారి అన్నీ కలిపి రెంజల్ ఆమెకు పంపడం, ఆదివారం ఆమె వినడం.

ఒక శుక్రవారం పొద్దున కూర్చుని, గొంతు సవరించుకుని, "శిశు వికాసం, మూడవ అధ్యాయం" అన్నాను. గీత లేవలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. కదలలేదు. ఆగస్టు పదిహేను స్థాయిలో అన్నాను. వీధిలో కుక్క మొరిగింది, వంటింట్లోంచి మా ఆవిడ ఏమైందని వచ్చింది, తెర మీద గీత మాత్రం గీసినట్టే ఉంది.

కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాను. మూడుసార్లు. వైరు ఊపాను. మైకును మెల్లగా తట్టాను, ఆ తర్వాత అంత మెల్లగా కాకుండా తట్టాను. సెట్టింగులు అన్నచోటికి వెళ్ళి, ఈ యాప్ మైకు వాడొచ్చా అన్న ప్రశ్న ఎదురుగా మీట వెలిగే ఉందని చూసుకున్నాను. నాకు తెలిసిన విద్య అంతే.

"గింతసేపు ఒర్రితే మనిషైనా చెవిటోడైతడు. అది చెవిటిదైందేమో," అంది మా ఆవిడ.

మా గల్లీ చివర పెళ్ళిళ్ళకూ జాతర్లకూ మైకులు అద్దెకిచ్చే ఒకతను ఉన్నాడు. యాభై దాటిన మనిషి. నన్ను సార్ అంటాడు, నేను తమ్ముడూ అంటాను. స్తంభాలకు కట్టే పెద్ద పెద్ద లౌడ్‌స్పీకర్లను ఆడించినవాడికి గుప్పెడంత మైకు ఒక లెక్కా అని నాలుగో రోజు అతన్ని పిలిచాను. టెస్టరు, స్క్రూడ్రైవరు, చెవి మీద పెన్సిలుతో వచ్చాడు. వైరు ఆ చివర నుంచి ఈ చివర దాకా వేళ్ళతో నలిపి చూశాడు. గులాబీ టోపీ తీసి లోపలికి తొంగిచూశాడు.

"ఎర్ర బత్తి ఎలుగుతుంది సార్. కరెంటు మంచిగనే వస్తుంది," అన్నాడు.

నేనూ వంగి చూశాను. మైకు కాళ్ళ దగ్గర చిన్న ఎర్ర దీపం నిక్షేపంగా వెలుగుతోంది. ఇద్దరికీ ధైర్యం వచ్చింది. అతను వైరు పీకి, దాని మూతి నోటితో ఊది, కంప్యూటరుకు ఇంకోపక్క ఉన్న సందులో పెట్టాడు. కంప్యూటరు టింగుమంది. అలవాటు కొద్దీ అతను "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు. గీత లేచింది. మునుపటంత ఎత్తు కాదు గానీ, లేచింది. నేను అతని భుజం తట్టాను. మా ఆవిడ టీ ఇచ్చింది. అతను టోపీ తన చేత్తోనే మళ్ళీ తొడిగి, ఇక దీన్ని కదిలించొద్దని చెప్పి వెళ్ళాడు.

పోయిన రోజుల లోటు పూడ్చాలని పది రోజుల్లో పదకొండు పాఠాలు చదివాను. గీత పొట్టిగా ఉందని ఇంకాస్త గట్టిగా చదివాను. ఆ వారాల్లో రెంజల్ ఆమె ఆఫీసు పనిలో పడి పాతవే వింటూ ఉండిపోయింది. మూడో ఆదివారం పొద్దున ఫోన్ చేసింది.

"సార్, పదకొండు పాఠాలు ఇన్న. మీరు మైకుల మాట్లాడుతలేరు."

"మైకు నా మూతి ముందట్నే ఉంది బిడ్డా," అన్నాను.

"ఉంటే ఉంది సార్. గని ఇంటున్నది అది కాదు. కంప్యూటరు పెట్టె లోపట ఇంకో మైకుంటది. గదే ఇంటున్నది."

రెంజల్‌లో కూర్చుని నీకెట్లా తెలుసని అడిగాను. లెక్కల మాస్టరు మెట్టు మెట్టుగా లెక్క చేసినట్టు చెప్పింది. నా మాట బావిలోంచి వచ్చినట్టు దూరంగా ఉందట. నేను రికార్డు ఆపడానికి బటన్ నొక్కితే మాత్రం ఆ చప్పుడు చెవిలో సుత్తితో కొట్టినట్టు ఉందట. అంటే వింటున్న చెవి నా మూతి దగ్గర కాదు, బటన్ల పక్కన ఉంది. పైగా కంప్యూటరు లోపలి చిన్న ఫ్యాను గాలి ప్రతి పాఠంలోనూ తిరుగుతోంది. ముందటి నెల పాఠాల్లో ఆ గాలి లేదు. నేను రెండు వారాలకు పైగా కళ్ళ ఎదుట పెట్టుకుని కనుక్కోలేనిది, ఆమె ఒక్క పూట విని పట్టుకుంది.

బాగుచేద్దామని, ఫోన్ స్పీకర్ మీద పెట్టమంది. నేను మౌసు అందుకున్నాను. ఆ చప్పుడు కూడా విన్నట్టుంది.

"మౌసు పక్కకు పెట్టుండ్రి సార్. నాకు మౌసు తెల్వది. బటన్లతోనే పోదాం."

కిటికీ బొమ్మ ఉన్న బటన్ నొక్కమంది. సౌండ్ అని ఇంగ్లీషులో కొట్టమంది. ఆ తర్వాత ట్యాబ్ అనే బటన్ ఇన్నిసార్లు, కింది బాణం ఇన్నిసార్లు అని చెబుతూ పోయింది. నాకు తెర మీద ఎక్కడున్నానో తెలియడం లేదు. నొక్కుతూ పోయాను.

"మూడంటే మీరు నాలుగు నొక్కిండ్రు సార్. ఎనుకకు రాండ్రి," అంది.

ముప్పై నాలుగేళ్ళు పిల్లల తప్పులు లెక్కపెట్టిన నన్ను ఆమె ఫోన్లోంచి లెక్కపెడుతోంది. మా ఆవిడ గడపలో నిలబడి కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. చివరకు ఒక జాబితా తెరుచుకుంది. అందులో నిజంగానే రెండు మైకులున్నాయి, కంప్యూటరు సొంత మైకు ఒకటి, నేను కొన్నది ఒకటి. టిక్కు సొంత మైకు దగ్గర ఉంది. నేను కొన్న మైకు పాపం కింద వరుసలో పేరుతో సహా ఊరికే కూర్చుని ఉంది. మన తమ్ముడు వైరు పీకినప్పుడు కంప్యూటరు తన మైకు తాను పెట్టుకుంది, మళ్ళీ మార్చమని ఎవరూ చెప్పలేదు, అదీ మారలేదు. కింది బాణం నొక్కి నా మైకును ఎంచుకున్నాను.

"ఇప్పుడు మాట్లాడుండ్రి."

మాట్లాడాను. గీత కదలలేదు. మొదటి శుక్రవారం ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఆ మాట చెబితే ఆమె దిగులుపడలేదు.

"అయితే రోగాలు రెండున్నయి సార్. ఒకటి పోయింది. మైకుకు బత్తి ఉంటదా?"

ఉందని, గుడ్డ ఎత్తి చూసి, వెలుగుతూనే ఉందని ధీమాగా చెప్పాను.

"ఏం రంగు?"

"ఎర్రది."

చాలా మర్యాదగా అడిగింది. "సార్, రంగుల సంగతి నాకన్న మీకే ఎక్కువ తెలుసు. రోడ్డు మీద ఎర్ర బత్తి పడితే బస్సు ఆగుతదా, పోతదా?"

తన ఆఫీసు ఫోనుకు కూడా ఇట్లాంటి బత్తి ఉందని, మాట బయటికి పోకుండా మూసినప్పుడు ఎర్రగా మారుతుందని పక్క సీటు ఆమె చెప్పిందని అంది. మైకు నెత్తి మీద చేయి పెట్టి తడమమంది. తడిమాను. నున్నటి నెత్తి మీద వేలు ఆనేంత చిన్న గుంట తగిలింది. చూస్తే కనబడనంత చిన్నది. దాన్ని ముట్టుకోగానే దీపం పచ్చగా మారింది. అప్పుడు గానీ నాకు దుకాణం అతను చెప్పిన ముక్క గుర్తురాలేదు. ఇక్కడ ముట్టుకుంటే మూసుకుంటుంది సార్, మళ్ళీ ముట్టుకుంటే తెరుచుకుంటుంది అన్నాడు.

"పచ్చగైంది," అని అరిచాను. తెర మీద గీత పైకప్పుకు తగిలింది.

"మెల్లగ సార్. ఇప్పుడు అది ఇంటుంది," అంది ఆమె.

అసలు మూసిందెవరు అన్న విచారణ మా ఇంట్లో రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఆ శుక్రవారానికి ముందు రోజు మా ఆవిడ గులాబీ టోపీ ఉతికి ఆరేసి, సాయంత్రం మళ్ళీ తొడిగింది. తొడిగి, బాగా కూర్చోవాలని నెత్తి మీద ఒకసారి ఒత్తిందట. ఎండకు పోయే పిల్లలకు టోపీ పెట్టి ఒత్తినట్టు.

ఆ పదకొండు పాఠాలూ మళ్ళీ చదివి పంపుతానని ఫోన్లో అన్నాను. అన్నీ వద్దంది. మూడింటిలో మాత్రం కుక్కర్ కూతలు అసలైన చోట అడ్డం వచ్చాయట, అవి చదివితే చాలట. మిగతావి చక్కగా అర్థమయ్యాయంది. ఆ తర్వాత, ఇంకొక మాట ఉంది, చెప్పొచ్చా అని అడిగింది. చెప్పమన్నాను.

"ఏడో పాఠంల అమ్మ ఎవలితోనో ఫోన్ల మాట్లాడింది సార్. మా సారు గోడకు పాఠం చెప్తుండు, ఎవలు ఇంటరో ఏమో అన్నది. నేను ఇంటున్న అని చెప్పుండ్రి."

మా ఆవిడ గడపలోంచి మాయమైంది. అది ఆమె తన అక్కతో మాట్లాడిన ముచ్చట. పెట్టె లోపలి మైకుకు నేనూ ఆమే ఒకటే కాబట్టి, ఇద్దరినీ సమానంగా విన్నది. కూరగాయలామెతో బేరం, పాలతనికి చెప్పిన మాట, నా చదువు మీద వ్యాఖ్యానం, అన్నీ శిశు వికాసంతో పాటు రెంజల్ చేరాయి.

"అమ్మ మాట మంచిగ ఇనస్తది సార్," అంది ఆమె. "మనిషి పక్కన కూసోని చెప్పినట్టుంటది. ఒక్క పుస్తకం అమ్మతోని చదివిస్తరా?"

నా చదువు బాగాలేదా అని అడిగేశాను. అడగకుండా ఉండాల్సింది. బాగుందనే చెప్పింది. కాకపోతే నేను సభలో మాట్లాడినట్టు ఆగి ఆగి చదువుతానట. అందుకని నా పాఠాలు రెండింతల స్పీడు పెట్టుకుని వింటుందట. మొదటి నుంచీ అంతేనట.

ఫోన్ పెట్టేశాక నా గొంతు రెండింతల స్పీడులో ఎట్లా ఉంటుందోనని పెట్టుకుని విన్నాను. తేనెటీగ శిశు వికాసం చెబుతున్నట్టు ఉంది. ఆ మాట మా ఆవిడకు రెండు రోజులు చెప్పలేదు. ఆ రెండు రోజులూ పాఠమూ చదవలేదు. గొంతు బాగాలేదన్నాను, ఆమె మిరియాల పాలు కాచి ఇచ్చింది. ఆ గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడు సిగ్గేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

"నేనా? పదో తరగతి సదువుకు గా పెద్ద పుస్తకాలు వస్తయా?" అంది.

పెద్దవి కాదు, నాలుగో తరగతి పరిసరాల విజ్ఞానం అని చెప్పాను. ఆ పరీక్షకు పిల్లల పుస్తకాలు కూడా చదవాలి. ఆమె పుస్తకం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. మధ్యాహ్నం అంతా అక్కడి నుంచి లోగొంతుతో చదువుకుంటున్న మాట వినబడింది. మా ఇంట్లో ముప్పై ఏళ్ళ పైబడి నా గొంతే మోగింది కాబట్టి, ఆమె చదివితే ఎట్లా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున ఆమె మైకు ముందు కూర్చుంది. నేను పక్కన స్టూలు వేసుకుని బత్తి చూసే పని, బటన్ నొక్కే పని తీసుకున్నాను. ఆమె మొదట మైకుతో కాక నాతో చదివింది. రెండో పేజీకి నన్ను మరచిపోయింది. మొక్కల పాఠంలో పసుపు వచ్చింది. నేల కింద పెరిగినా అది వేరు కాదు, కాండం అని పుస్తకంలో ఉంది. ఆమె ఆగిపోయింది. ఇందల్వాయి వైపు పసుపు పండించే ఇంట్లో పుట్టి, పెళ్ళయ్యేదాకా ఏటా పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టిన మనిషి.

"పుస్తకంల కాండం అని రాసిండ్రు బిడ్డా," అని మైకుకు చెప్పింది. "నిజమే అయ్యుంటది. కొమ్ముకు కన్నులుంటయి, గణుపులుంటయి. చేత్తోని తడిమితె చెరుకు గణుపు లెక్కనే తగుల్తది. వేరుకు గట్ల ఉండయి. మీ ఇంట్ల పసుపు కొమ్ముంటే పట్టుకొని సూడు."

రికార్డు ఆపి ఆ ముక్క తీసేయాలా అని సైగ చేశాను. ఆమె నన్ను చూడనే లేదు. తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయింది. నేను తీయలేదు. ఆ ఆదివారం రెంజల్ నుంచి ఫోన్ వచ్చింది, నాకు కాదు. అల్లం కూడా అట్లే ఉందని, వాళ్ళమ్మ రెండూ చేతిలో పెట్టి చూపించిందని ఆమె చెబితే, మా ఆవిడ అరగంట మాట్లాడింది. నేను పక్కన కూర్చుని పేపరు చదువుకున్నాను, మనసులోనే.

పరీక్ష అయింది. నిజామాబాద్‌లో రాసింది, ఆమె చెబుతుంటే ఇంకొకరు రాశారు. ఫలితాలు వచ్చిన రోజు ఆమే ఫోన్ చేసింది. కొద్దిలో పోయిందని చెప్పింది. బిడ్డా అని మొదలుపెట్టాను. మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, అన్నం తిన్నావా అని అడిగింది. తినలేదట. ముందు తినమని, తిన్నాక ఫోన్ చేయమని పెట్టేసింది. గంట తర్వాత మళ్ళీ మోగింది. వచ్చేసారి పరీక్ష ఎప్పుడో, ఏ పుస్తకాలు మారుతాయో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. చివర్లో ఫోన్ నాకు ఇమ్మందట.

"సార్, పిల్లల పుస్తకాలన్ని అమ్మనే చదువుతదట. వ్యాకరణం మీరు చదువుండ్రి. సంధుల కాడ అమ్మ తప్పించుకుంటుంది."

సరేనన్నాను. వ్యాకరణం ఎంత స్పీడులో వింటావని మాత్రం అడగలేదు. సోమవారం పొద్దున స్నానం చేసి వచ్చేసరికి మా ఆవిడ ఐదో తరగతి పుస్తకం తెరిచి కూర్చుని ఉంది. నన్ను ఫ్యాను బంద్ చేసి, తలుపు దగ్గరగా వేసి, చప్పుడు చేయకుండా కూర్చోమంది. కూర్చున్నాను.